కంపు పోతే సరిపోతుందా? మురుగు కేంద్రాల్లో గాలి శుద్ధి ఎవరి కోసం

మద్దిలపాలెంలో బస్సు దిగి ఆంధ్ర విశ్వవిద్యాలయం వైపు నడిచే విద్యార్థికి దారిలో తగిలే మురుగు కంపు ఒక నిమిషం ఇబ్బంది. ముక్కుకు కర్చీఫ్ అడ్డం పెట్టుకుని నాలుగడుగులు వేస్తే అయిపోతుంది. అదే మురుగు శుద్ధి కేంద్రానికి చేరాక, దాని పక్కనే షిఫ్టు మొత్తం నిలబడే కాంట్రాక్టు కార్మికుడికి ఆ కంపు జీతంతో పాటు వచ్చే బతుకు.

విశాఖలో అప్పుఘర్, నరవ లాంటి చోట్ల మురుగునీటి శుద్ధి కేంద్రాలున్నాయి. ఏ నగరంలోనైనా ఇళ్లు ఇలాంటి కేంద్రాల గోడల దాకా వచ్చాక మొదట వినపడేది వాసన మీద ఫిర్యాదే. దానికి జవాబుగా ప్రపంచవ్యాప్తంగా వాడుతున్న పద్ధతుల్లో ఒకటి ఎయిర్ అయొనైజేషన్, అంటే గాలికి విద్యుదావేశం ఇచ్చి దుర్వాసనను విరగ్గొట్టడం. ఇది ఎలా పనిచేస్తుందో, ఎక్కడ పనిచేయదో మనం తెలుసుకోవాలి. ఎందుకంటే ఆ కంపుకు ముఖ్య కారణమైన వాయువే మ్యాన్‌హోళ్లలో మనవాళ్ల ప్రాణాలు తీస్తోంది.

ముక్కును మోసం చేసే వాయువు

మురుగు కదలకుండా నిలిచి, అందులో ఆక్సిజన్ అయిపోయినప్పుడు కొన్ని రకాల బ్యాక్టీరియా సల్ఫేటు మీద బతుకుతాయి. అవి వదిలేదే హైడ్రోజన్ సల్ఫైడ్, కుళ్లిన కోడిగుడ్డు వాసన. ఎండలు ఎక్కువైతే దీని తయారీ వేగమవుతుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 2.7 గ్రాముల సల్ఫేటు ఉంటుంది. కాబట్టి తీరప్రాంత నగరాల్లో ఉప్పునీరు పైపుల్లోకి ఊరితే ఈ బ్యాక్టీరియాకు ముడిసరుకు మరింత దొరుకుతుంది.

ఈ వాయువును పీపీఎంలలో కొలుస్తారు. ఒక పీపీఎం అంటే పది లక్షల పాళ్ల గాలిలో ఒక పాలు. అంతకంటే చాలా తక్కువ ఉన్నా మన ముక్కు పసిగడుతుంది. 100 పీపీఎం దగ్గర కథ తిరగబడుతుంది. కొద్ది నిమిషాల్లోనే ముక్కు మొద్దుబారి, వాసన తెలియడం మానేస్తుంది. 500 దాటితే స్పృహ తప్పుతుంది. 1,000 దగ్గర ఒకటి రెండు శ్వాసలకే మనిషి కుప్పకూలతాడు. ఇది గాలి కంటే బరువైనది కనుక గుంతల అడుగున పేరుకుంటుంది. పేరుకున్న బురదను కర్రతో కదిపితే అందులో చిక్కుకున్న వాయువు ఒక్కసారిగా బయటికొస్తుంది. అంటే పని మొదలుపెట్టడమే ప్రమాదాన్ని లేపడం.

2015 నవంబరులో కేరళలోని కోజికోడ్‌లో ఆంధ్రప్రదేశ్ నుంచి వలస వెళ్లిన ఇద్దరు కార్మికులు మ్యాన్‌హోల్‌లో చిక్కుకుని చనిపోయారు. వాళ్లను కాపాడాలని దిగిన స్థానిక ఆటో డ్రైవర్ కూడా ప్రాణాలు వదిలాడు. మొదట దిగినవాడు, వాడిని లాగడానికి దిగినవాడు, ఇద్దరూ పోవడం ఈ మరణాల్లో పదే పదే కనిపిస్తుంది. లోపలి గాలిని కొలవకుండా దిగితే ధైర్యం, మంచితనం రెండూ ప్రాణం మీదికే తెస్తాయి.

అయాన్లు చేసే పని

అయొనైజేషన్ యంత్రంలో గాజు గొట్టాలుంటాయి. గొట్టం లోపలా బయటా లోహపు జాలీ. వాటి మధ్య వేల వోల్టుల విద్యుత్తు పెడితే, పక్కగా వీచే గాలిలోని ఆక్సిజన్ అణువులు ఆవేశం పొంది చురుకైన అయాన్లుగా మారతాయి. ఇవి హైడ్రోజన్ సల్ఫైడ్, మెర్కాప్టాన్ల లాంటి దుర్వాసన అణువులను ఆక్సీకరించి వాసన లేని పదార్థాలుగా మారుస్తాయి.

దీన్ని రెండు రకాలుగా అమరుస్తారు. మొదటిది, అయాన్లు కలిపిన బయటి గాలిని స్క్రీన్ చాంబర్, పంపు గది, బురద పిండే గది లాంటి చోట్లలోకి ఊదడం. రెండోది, కంపు గాలిని గొట్టంలోకి లాగి, అక్కడ అయాన్లతో కలిపి బయటికి వదలడం. ఈ పద్ధతికి కరెంటు ఖర్చు తక్కువ. రసాయనాలతో గాలిని కడిగే స్క్రబ్బర్లలో కాస్టిక్ సోడా, హైపోక్లోరైట్ వాడతారు. ఆ డ్రమ్ములను మోసేదీ, ఒలికితే తుడిచేదీ మళ్లీ కార్మికుడే. అయొనైజేషన్‌లో ఆ బాధ లేదు. ఇది నిజమైన మేలే.

చేయలేని పని

అయాన్లు ఎక్కువసేపు నిలవవు. వాయువు మోతాదు ఎక్కువగా ఉంటే వాటి బలం చాలదు. అలాంటి చోట సూక్ష్మజీవులతో పనిచేసే బయోఫిల్టరో, స్క్రబ్బరో కావాలి. తేమా దుమ్మూ పేరుకుంటే గొట్టాల పనితనం పడిపోతుంది. వాటిని తుడవాలి, కాలం తీరితే మార్చాలి. ఈ ప్రక్రియలో ఓజోన్ కూడా పుడుతుంది. అది మితిమీరితే ఊపిరితిత్తులకు హాని. అమెరికాలో పనిచోట ఎనిమిది గంటలకు పెట్టిన హద్దు 0.1 పీపీఎం మాత్రమే. మురుగులో మీథేన్ కూడా ఉంటుంది కనుక, వేల వోల్టుల పరికరాన్ని మంటంటుకునే గాలిలో పెట్టకూడదు.

అన్నిటికంటే ముఖ్యం: ఇది మ్యాన్‌హోల్‌నూ, మూసి ఉన్న ట్యాంకునూ మనిషి దిగడానికి తగినట్టు మార్చదు. లేని ఆక్సిజన్‌ను తెచ్చిపెట్టదు.

వాసన కట్టడిలో తొలి మెట్టు ట్యాంకులకు మూతలు వేయడం. దాంతో కాలనీకి ఉపశమనం కలుగుతుంది. కానీ నిన్నటిదాకా గాల్లో కలిసిపోయిన వాయువు ఇప్పుడు మూత కింద చిక్కబడుతుంది. శుభ్రం చేయడానికి ఆ మూత తెరిచే మనిషి ముఖం మీదికి అదంతా వస్తుంది. లోపలి గాలిని బయటికి లాగే ఏర్పాటు లేకుండా మూత వేస్తే, అందరి ఇబ్బందిని ఒక్కడి ప్రాణాపాయంగా మార్చినట్టే. ఆ ఒక్కడి కులం ఏమిటో ఈ దేశంలో ఊహించడం కష్టం కాదు.

చట్టం ఏమంటోంది

2013 చట్టం మనుషుల చేత మలమూత్రాలు ఎత్తించడాన్నీ, మురుగు కాల్వలు, సెప్టిక్ ట్యాంకులను ప్రమాదకరంగా శుభ్రం చేయించడాన్నీ నిషేధించింది. రక్షణ పరికరాలు లేకుండా మురుగులోకి దింపితే మొదటిసారి నేరానికే రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. సఫాయి కర్మచారి ఆందోళన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2014 మార్చి 27న, 1993 నుంచి మురుగులో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికి పది లక్షలు ఇవ్వాలని చెప్పింది. 2023 అక్టోబరు 20 తీర్పులో దాన్ని ముప్పై లక్షలకు పెంచింది. పరిహారం పెరిగింది. కానీ అది అందేది మనిషి పోయాకే.

అందుకే మీ ఊళ్లో శుద్ధి కేంద్రానికి వాసన కట్టడి యంత్రం వస్తోందని వింటే సంతోషించండి. ఆ వెంటనే సమాచార హక్కు చట్టం కింద ఈ ప్రశ్నలు అడగండి. టెండరులో వాయువును కొలవాల్సిన చోటు ప్రహరీ గోడ దగ్గరా, కార్మికుడు నిలబడే చోటా? ప్రతి కార్మికుడి ఒంటి మీద గ్యాస్ డిటెక్టర్ ఉందా? మూత తెరిచే ముందు ఎవరు కొలుస్తున్నారు, ఏ రిజిస్టరులో రాస్తున్నారు? గదిలో ఓజోన్‌ను కొలుస్తున్నారా? కరెంటు పోతే ఫ్యాన్లు ఆగిపోతాయా?

కాలనీ వాళ్ల ఫిర్యాదు న్యాయమైనదే. కంపు మధ్య ఎవరూ బతకకూడదు. కానీ గోడ బయట ముక్కు చెప్పే మాట విని యంత్రం కొనే నగరం, గోడ లోపల మొద్దుబారిపోయిన ముక్కు సంగతి కూడా పట్టించుకోవాలి. కార్మికుడి ఛాతీ మీద ఉన్న మీటరు సున్నా చూపించిన రోజే కంపు నిజంగా పోయినట్టు.