టీవీలో కనిపించే వాకిలి

సిరోంచలో ఉదయం తొమ్మిదింటికే ఎండ చురుక్కుమంటుంది. ఆ వేళ తూర్పు వాకిలి ఉన్న ఇంట్లో టీవీ పెట్టి చూడండి. ప్రాణహిత నదికి ఈ గడ్డ మహారాష్ట్ర అయినా ఇళ్లలో మాట తెలుగు, వాకిలి లెక్కా తెలుగువాళ్లదే. తూర్పు ముఖం దొరికితే ఎవరూ వదులుకోరు. ముందర గదిలో టీవీకి మిగిలేది చాలాసార్లు ఆ వాకిలికి ఎదురుగా ఉన్న గోడే. ఇక వార్తలు చదివే మనిషి నల్లకోటు మీద మన గడప, రోడ్డు, ఎదురింటి సున్నపు గోడ, సైకిలు తొక్కుకుంటూ పోయే పిల్లవాడు అన్నీ కనిపిస్తాయి. సీరియల్లో రాత్రి సీను వస్తే మన మొహం మనకే కనిపిస్తుంది.

ఇది గాజు స్వభావం. గాలిలోంచి వచ్చి గాజు మీద నేరుగా పడిన వెలుతురులో నూటికి నాలుగు పాళ్లు వెనక్కి తిరుగుతుంది. గాలిలో కాంతి నడిచే వేగం వేరు, గాజులో వేరు. ఆ మార్పు ఒక్కసారిగా జరిగే సరిహద్దులో కొంత కాంతి వెనుదిరగక తప్పదు. అది ఎంతో లెక్క కట్టే సూత్రాన్ని ఫ్రాన్సుకు చెందిన ఫ్రెనెల్ 1820లలో ఇచ్చాడు. నాలుగు శాతమే కదా అనిపిస్తుంది. కానీ మంచి ఎండలో ఉన్న సున్నపు గోడ ప్రకాశం చదరపు మీటరుకు ఇరవై వేల కాండెలాల దాకా ఉంటుంది. అందులో నాలుగు శాతమంటే ఎనిమిది వందలు. మామూలు టీవీ తెర పూర్తిగా వెలిగినా మూడు, నాలుగు వందలకు మించదు. అలా ఎండ పడ్డ గోడ టీవీని దాని తెర మీదే ఓడిస్తుంది.

ఈ నాలుగు శాతాన్ని తగ్గించవచ్చన్న సంగతి ముందు తెలిసింది పాతబడిన గాజు నుంచి. 1886లో ఇంగ్లండులో లార్డ్ రేలీ గాజు పలకల నుంచి తిరిగొచ్చే కాంతిని కొలిచాడు. అప్పుడే సానపట్టిన పలక కన్నా ఏళ్ల తరబడి గాలి తగిలి మసకబారిన పలక తక్కువ కాంతిని వెనక్కి పంపింది. 1892లో యార్క్ పట్టణంలో హెరాల్డ్ డెన్నిస్ టేలర్‌కూ ఇదే అనుభవం ఎదురైంది. ఆయన టి. కుక్ అండ్ సన్స్ అనే దూరదర్శినుల కంపెనీలో కటకాలు రూపొందించేవాడు. రంగు మారి, పనికిరాదని పక్కన పెట్టాల్సిన కటకంలోంచి కొత్తదానికన్నా ఎక్కువ వెలుతురు వస్తోంది! ఆ మసకను రసాయనాలతో కావాలనే తెప్పించే పద్ధతికి ఆయన 1904లో పేటెంటు తీసుకున్నాడు. అయితే ఒక్కో రకం గాజు మీద ఒక్కోలా పనిచేసే ఆ పద్ధతి నిలకడగా సాగలేదు.

మసక చేసే పని ఇది. గాజు మీద పల్చటి పొర ఉంటే కాంతి రెండు చోట్ల వెనుదిరుగుతుంది. కొంత పొర పై అంచు దగ్గర, కొంత పొర గాజును తాకే చోట. పొర మందం ఆ పొరలో కాంతి తరంగదైర్ఘ్యానికి నాలుగో వంతు ఉంటే, అడుగు నుంచి వచ్చే తరంగం పోనూ రానూ కలిపి సగం తరంగం వెనకబడుతుంది. ఒకదాని శిఖరం ఇంకోదాని లోయలో పడి రెండూ రద్దవుతాయి. రద్దయినంత మాత్రాన ఆ కాంతి మాయమైపోదు. అది కూడా గాజు లోపలికే వెళ్తుంది. టీవీ దగ్గరికి వచ్చేసరికి అసలు చిక్కు ఇక్కడే ఉంది.

1935లో జర్మనీలోని యేనాలో, కార్ల్ జైస్ కంపెనీ శాస్త్రవేత్త అలెగ్జాండర్ స్మాకులా శూన్యపు గదిలో పదార్థాన్ని ఆవిరి చేసి కటకం మీద పొరగా దించాడు. జర్మన్ సైన్యం దాన్ని రహస్యంగా దాచుకుంది. 1938 డిసెంబరులో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ పరిశోధనశాల నుంచి కాథరిన్ బ్లాడ్జెట్ పేరు లోకానికి తెలిసింది. కేంబ్రిడ్జిలో భౌతికశాస్త్రంలో డాక్టరేటు పొందిన తొలి మహిళ ఆమె. ఆమె వాడిన బేరియం స్టియరేట్ ఒక జాతి సబ్బు. నీటి మీద అది ఒక్క అణువు మందాన పరుచుకుంటుంది. ఆ నీటిలో గాజును ముంచి తీస్తూ ఉంటే పొర మీద పొర అంటుకుంటుంది. అలా 44 పొరలు ఎక్కించేసరికి గాజు దాదాపు కనిపించకుండా పోయింది, 99 శాతం పైగా కాంతి దాటిపోయింది. నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. ఒక్క అణువు మందాన్ని లెక్కపెట్టుకుంటూ పేర్చడానికి ఎంత ఓపిక కావాలి! పాపం, ఆ పొర వేలితో తుడిస్తే పోయేది. చివరికి నిలిచింది శూన్యంలో దించిన మెగ్నీషియం ఫ్లోరైడ్ పొర. సుమారు 100 నానోమీటర్ల మందంలో, అది నాలుగు శాతాన్ని ఒకటిన్నర లోపుకు దించుతుంది. కెమెరా కటకం పక్కనుంచి చూస్తే ఊదారంగు తళుకు కనిపిస్తుందే, అది ఈ పొర పనే. మందం ఆకుపచ్చ కాంతికి సరిపెట్టారు కాబట్టి ఎరుపు, నీలం కాస్త మిగిలిపోతాయి.

కెమెరాకు లోపలికి పోయే వెలుతురు లాభం. టీవీకి అది నష్టం. పాత పిక్చర్ ట్యూబులో గాజు వెనక పూత బూడిదరంగులో ఉండేది. గాజు మీద ఎంత మంచి పొర వేసినా లోపలికి పోయిన వాకిలి వెలుతురు ఆ పూతను తాకి మళ్లీ బయటికి వచ్చేది. ఆపి ఉంచిన పాత టీవీ తెర ఏ రంగులో ఉండేదో గుర్తుచేసుకోండి. పగటి వెలుతురులో అంతకన్నా నల్లటి నలుపును అది చూపలేదు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు సైట్ అనే ప్రయోగం ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాల్లో 2400 పల్లెలకు ఉపగ్రహం ద్వారా టీవీని చేర్చింది. హైదరాబాదులోని ఈసీఐఎల్ తయారుచేసిన ఆ టీవీలు ఉదయం బడిపిల్లలకు, సాయంత్రం ఊరివాళ్లకు కార్యక్రమాలు చూపేవి. పట్టపగలు తరగతి గదిలో ఆ బూడిదరంగు తెర మీద బొమ్మ నిలవడం తేలిక కాదు.

ఇంజనీర్లు కనిపెట్టిన ఉపాయం వింతగా ఉంటుంది. గాజునే కొంచెం నల్లబరిచారు. ఆ గాజు సగం కాంతిని మింగితే టీవీ బొమ్మ ఒక్కసారి దాటుతుంది కాబట్టి సగమే తగ్గుతుంది. బయటి వెలుతురు లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి దాటుతుంది కాబట్టి నాలుగో వంతే మిగులుతుంది. 1980ల నాటి ఇళ్లలో టీవీ ముందు తగిలించిన నీలం ప్లాస్టిక్ రేకు కూడా తెలిసో తెలియకో కొంతవరకు ఈ పనే చేసింది. అయితే దాని నున్నటి పై తలం తన వంతు నాలుగు శాతాన్ని మళ్లీ కలిపేది. 1969లో అమెరికాలోని జెనిత్ కంపెనీ రంగు చుక్కల మధ్య ఖాళీలను నల్లటి పదార్థంతో నింపింది. ఇప్పటి చాలా ఓఎల్ఈడీ తెరల్లో ఆ పని ధ్రువణ పొర చేస్తుంది. లోపలి లోహాన్ని తాకి వచ్చిన కాంతి మెలికపడి వస్తుంది, ఈ పొర దాన్ని బయటికి రానివ్వదు.

ఇక గరుకు తెరలు. ఇవి వెనుదిరిగే వెలుతురును తగ్గించవు, వెదజల్లుతాయి. వాకిలి ఆకారం చెదిరిపోతుంది, బదులుగా తెరంతా కాస్త బూడిదగా మారుతుంది. 2024లో శాంసంగ్ ఖరీదైన ఓఎల్ఈడీ టీవీకి ఇలాంటి తెర పెడితే నలుపు తగ్గిందని కొందరు నొచ్చుకున్నారు. పగలు తలుపు తీసి ఉంచే ముందర గదికి నేను గరుకు తెరే కొనమంటాను. రాత్రి చీకట్లో సినిమాలు చూసేవాళ్లకు నున్నటిదే మేలు.

రాత్రిపూట తిరిగే రెక్కల పురుగుల దగ్గర ఇంతకన్నా మంచి ఉపాయం ఉంది. 1962లో స్వీడన్‌లో బెర్న్‌హార్డ్ బృందం వాటి కళ్ల మీద సుమారు 200 నానోమీటర్ల ఎత్తున్న గుబ్బల వరసలను వర్ణించింది. పైన సన్నం, అడుగున లావు. కాబట్టి గాలి నుంచి కన్నుకు మార్పు కొద్దికొద్దిగా జరుగుతుంది, కాంతి వెనుదిరిగే సరిహద్దే ఉండదు. గోదావరి అవతల దసలి పట్టుకు పేరున్న మహదేవపూర్ అడవుల్లో, మద్ది ఆకులు తిని పెరిగే పట్టుపురుగు రెక్కలొచ్చాక చేరేది ఈ రాత్రి కీటకాల గుంపులోకే. 1973లో ఇంగ్లండులో క్లాఫమ్, హట్లీ ఆ గుబ్బలను గాజు మీద తయారుచేశారు. 2012లో షార్ప్ కంపెనీ పెద్ద టీవీల మీదికి తెచ్చింది. కానీ గుబ్బల మధ్య చేరిన జిడ్డును తుడవడం కష్టం.

ఏ పొరా లేని టీవీకి గోడ మార్చడమే మందు. సిరోంచలో సూర్యుడు ఉదయించే చోటు ఏడాదిలో తూర్పుకు అటూ ఇటూ దాదాపు 25 డిగ్రీల దాకా జరుగుతుంది. కాబట్టి వాకిలికి ఎదురు గోడ మీద ఏ కాలంలోనూ నెమ్మది లేదు. ఉత్తరం గోడకో దక్షిణం గోడకో మార్చితే, వాకిలి వెలుతురు చూసేవాళ్ల వైపు కాక గది మూలకు మళ్లుతుంది. టీవీ ఎత్తులో ఉంటే కొంచెం ముందుకు వంచాలి, అప్పుడు తెరలో ట్యూబులైటు బదులు నేల కనిపిస్తుంది. పొర ఉన్న టీవీని స్పిరిటుతోనో, అద్దాలు తుడిచే మందుతోనో తుడవకూడదు. మెత్తటి పొడిగుడ్డ చాలు. అలాంటి తెర మీద వేలిముద్ర మామూలు గాజు మీదకన్నా ప్రస్ఫుటంగా కనిపిస్తుంది. వేలి నూనె పొర మందం లెక్కను చెడగొడుతుంది, అక్కడ వెలుతురు మళ్లీ వెనుదిరుగుతుంది.