పుట్టినతేదీకి కాపలా

కర్మాగారంలో ఒక కవాటం తప్పుగా తెరచుకుంటే నియంత్రణ గదిలో ఎర్రదీపం వెలుగుతుంది, గంట మోగుతుంది. పాఠశాల రికార్డులో ఒక అంకె తారుమారైతే ఏ దీపమూ వెలగదు, ఏ గంటా మోగదు. ఏళ్లు గడచిన పిదప ఏ ఉద్యోగపు దరఖాస్తులోనో, ఏ పాస్‌పోర్టు కార్యాలయంలోనో ఆ పొరపాటు బయటపడుతుంది. ఈ సత్యాన్ని మేము 2023లో అనుభవపూర్వకంగా తెలుసుకొన్నాము.

మా టౌన్‌షిప్ సమీపంలో ఒక ట్రస్టు నడుపుతున్న ప్రైవేటు పాఠశాల ఉన్నది. మన ఉద్యోగుల పిల్లలు పలువురు అక్కడే చదువుతున్నారు. ఆ ఏడాది అక్కడి కంప్యూటర్ వ్యవస్థల నిర్వాహకుడు ఉద్యోగం మానుకొనగా, క్రొత్తవారు వచ్చేవరకు సాయపడవలసిందిగా పాఠశాలవారు కోరారు. పై అధికారుల అనుమతితో, సిస్టమ్స్ విభాగానికి చెందిన మేము ఇరువురము నాలుగు నెలలపాటు సాయంకాలాలలోను, సెలవు దినాలలోను ఆ బాధ్యత వహించాము. ముప్పై ఏళ్లుగా యంత్రాల మధ్య గడిపినవారము కావున, బడి లెక్కలు ఏపాటివిలే అనుకొన్నాము.

ఆ భ్రమ తొలి వారంలోనే తొలగిపోయింది. ప్రవేశాలు, బదిలీ పత్రాలు, హాజరు, మార్కులు, ఫీజులు, బస్సు మార్గాలు అన్నీ విద్యార్థి పేరు చుట్టూ అల్లుకొని ఉంటాయి. కేంద్ర ప్రభుత్వపు యూడైస్ ప్లస్ వ్యవస్థలో ప్రతి పాఠశాలకు 11 అంకెల సంకేతం ఉంటుంది. సర్కారు బడి అయినా, ప్రైవేటు బడి అయినా తన విద్యార్థుల వివరాలను అందులో నమోదు చేయవలసిందే. సీబీఎస్ఈ పాఠశాలల్లోనైతే తొమ్మిదవ తరగతిలోనే విద్యార్థి పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టినతేదీ బోర్డుకు చేరుతాయి. పదవ తరగతి ధ్రువపత్రానికి ఆధారం ఆ వివరాలే. జన్మదినానికి రుజువుగా జీవితాంతం పలుచోట్ల చూపవలసినది ఆ పత్రమే.

మన తెలుగువారికి మరొక చిక్కు కూడా ఉన్నది. మనకు ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తరువాత. దరఖాస్తులో ‘మొదటి పేరు’ అన్న గడి కనబడితే కొందరు ఇంటిపేరే వ్రాస్తారు. ఒక పత్రంలో పొడి అక్షరం, మరొక పత్రంలో పూర్తి పేరు. మూడు చోట్ల మూడు విధాలుగా పేరున్న బిడ్డ కంప్యూటరు దృష్టిలో ముగ్గురు బిడ్డలు.

బోర్డుకు వివరాలు పంపవలసిన గడువు మరి అయిదు రోజులున్నదనగా, తొమ్మిదవ తరగతి పిల్లల వివరాలను అచ్చువేసి, సంతకాలకై ఇండ్లకు పంపాము. మరునాడు ఒక తల్లి స్వయంగా వచ్చింది. కాగితం బల్లమీద ఉంచి, “అయ్యా, మా అమ్మాయి 2009లో రాఖీ పున్నమి నాడు పుట్టింది. ఇందులో మే 8 అని ఉన్నది. రాఖీ పున్నమి మే నెలలో వస్తుందా?” అని అడిగింది.

ప్రవేశాల రిజిస్టరు తెరచి చూడగా ఆగస్టు 5 అని చేతివ్రాతతో స్పష్టంగా ఉన్నది. కారణం అన్వేషించాము. పూర్వం ఒకసారి పాత సాఫ్ట్‌వేర్ నుండి క్రొత్తదానికి వివరాలు మార్చినప్పుడు, మనము రోజు, నెల అన్న వరుసలో వ్రాసిన తేదీలను కంప్యూటరు నెల, రోజు అన్న వరుసలో చదువుకొన్నది. తేదీ 13 లేక అంతకు మించినదైతే అటువంటి నెల లేదు గనుక తప్పు వెంటనే తెలిసిపోతుంది. 12 లోపుదైతే మాత్రం నిశ్శబ్దంగా తారుమారవుతుంది. ఏడాదిలో అటువంటి తేదీలు 144. వాటిలో రోజు, నెల ఒకే అంకెగా ఉన్న 12 తేదీలకు హాని లేదు. మిగిలిన 132 తేదీలలో జన్మించిన పిల్లలందరికీ ప్రమాదమే. అనగా మూడింట ఒక వంతుకు పైగా!

ఆ రాత్రి నుండి ఒకరము రిజిస్టరు చదువుతుండగా, మరొకరము తెరపై సరిచూశాము. ఆ తరగతిలోనే 41 మంది పుట్టినతేదీలు మారిపోయి ఉన్నవి. ఏ సవరణ, ఎవరు, ఎప్పుడు, ఏ ఆధారంతో చేశారో ప్రక్కనే నమోదు చేస్తూ, గడువుకు ఒకరోజు ముందుగా పని ముగించాము.

చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనరాదని, పిమ్మట మిగిలిన తరగతుల వివరాలు కూడా సరిచూశాము. ప్రతి రాత్రి తీస్తున్న నకలు ప్రతిని వేరొక యంత్రంపై తెరచి చూచే నియమం పెట్టాము. తెరచి చూడని నకలు నకలు కానేకాదు. పిల్లల వివరాలు ఎవరు చూడవచ్చునో, ఎవరు మార్చవచ్చునో విడివిడిగా నిర్ణయించాము. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారిని బాలలుగా పరిగణించి, వారి వివరాల వినియోగానికి తల్లిదండ్రుల లేక సంరక్షకుల అంగీకారం అవసరమని నిర్దేశించింది. కావున ఈ జాగ్రత్త మర్యాద మాత్రమే కాదు, బాధ్యత కూడా.

2025లో ఆ బాలిక తన పదవ తరగతి ధ్రువపత్రం తెచ్చి మాకు చూపింది. మార్కులకంటె ముందు మా కళ్లు పుట్టినతేదీని వెదకినవి. ఆగస్టు 5 అని ఉన్నది.

ముప్పై ఏళ్ల అనుభవం గల మా కంటికి అందని తప్పును ఒక తల్లి జ్ఞాపకం పట్టియిచ్చింది. కావున సోదర ఉద్యోగులకు, వారి కుటుంబాలకు మా విన్నపం ఒక్కటే. పాఠశాల నుండి వివరాల పత్రం వచ్చినప్పుడు చదువకుండా సంతకం చేయవద్దు. జనన ధ్రువపత్రాన్ని ప్రక్కన ఉంచుకొని ప్రతి అక్షరము, ప్రతి అంకె సరిచూడండి. అందుకు పట్టేది అయిదు నిమిషాలు. అది మీ బిడ్డకు జీవితాంతం తోడుంటుంది.