రేడియేటర్లో నీళ్ళు పోస్తూ పోతే

మన ఊళ్ళల్లో అంబాసిడర్ టాక్సీలు తిరిగిన రోజులు గుర్తున్నాయా? డిక్కీలో ఓ ప్లాస్టిక్ డబ్బా నిండా నీళ్ళు ఉండాల్సిందే. ఘాట్ రోడ్డెక్కగానే బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచేది. డ్రైవరు బండి పక్కకి ఆపి, బీడీ ముట్టించి, ఇంజను కాస్త చల్లారాక రేడియేటర్లో నీళ్ళు పోసి మళ్ళీ బయలుదేరేవాడు.

చిన్నప్పట్నుంచీ అది చూసినవాణ్ణి కాబట్టి, ఇక్కడ మిషిగన్‌లో నా పన్నెండేళ్ళ కారు కూలంట్ తాగడం మొదలుపెట్టినప్పుడు నేనూ అదే చేశాను. జులై నుంచి అక్టోబరు చివరి దాకా వారానికో గ్లాసు కుళాయి నీళ్ళు పోస్తూ వచ్చాను. కారు కింద ఒక్క చుక్క కనపడేది కాదు, ముల్లు ఎప్పుడూ మధ్యలోనే ఉండేది. మెమరీ లీకున్న ప్రోగ్రామును రోజూ రాత్రి రీస్టార్ట్ చేసి, పొద్దున్నే అంతా బాగుందని మేనేజరుకి మెయిల్ పెట్టడం లాంటిదే ఇదీ. ఆ పని చెయ్యనివాళ్ళు మనలో ఎంతమంది ఉన్నారు గనక!

నవంబరులో ఆయిలు మార్పించడానికి వెళితే గరాజ్ వాళ్ళు రెండు మాటలు చెప్పారు. ఒకటి, మీ కూలంట్ చలికి ఆగదు. రెండు, హెడ్ గాస్కెట్ పోయినట్టుంది, 1,800 డాలర్లవుతుంది. మొదటిది నిజం. రెండోది కాదు. ఆ తేడా తెలుసుకోవడానికి నాకు రెండు శనివారాలు పట్టింది. మీకు అంత పట్టకూడదని ఈ వ్యాసం.

ముందు మొదటి మాట సంగతి చూద్దాం. కూలంట్ అంటే మామూలుగా సగం ఇథిలీన్ గ్లైకాల్, సగం నీళ్ళు. ఈ మిశ్రమం సుమారు -34 డిగ్రీల ఫారెన్‌హైట్ దాకా గడ్డకట్టదు. నా కారులో పట్టేది ఆరు లీటర్లు. లీకులో పోయేది మిశ్రమం, నేను పోసేది ఉత్త నీళ్ళు. వారానికి పావు లీటరు చొప్పున పదహారు వారాలకి నాలుగు లీటర్లు. లెక్క వేసి చూడండి, సగం ఉండాల్సిన గ్లైకాల్ పాతిక శాతానికి దిగుతుంది. పాతిక శాతం మిశ్రమం 10 డిగ్రీల దగ్గరే గడ్డకట్టడం మొదలుపెడుతుంది. మిషిగన్ జనవరిలో సున్నాకి దిగువన ఉండే రాత్రులు మామూలే. నీరు గడ్డకడితే తొమ్మిది శాతం దాకా ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకి ఇంజను బ్లాకు పగిలితే ఇక బాగుచేసేదేమీ ఉండదు. అంబాసిడర్ డ్రైవరుకి ఈ బెడద లేదు. ఆయన చేసింది ఆయన ఊరికి సరిపోయింది. నేను ఆయన మందు తెచ్చి వేరే రోగానికి వాడాను.

చలి లేని హ్యూస్టన్‌లోనో దుబాయ్‌లోనో ఉన్నవాళ్ళు నిశ్చింతగా ఉండొచ్చు అనుకోకండి. తుప్పు పట్టకుండా కాపాడే రసాయనాలు కూడా గ్లైకాల్‌తో పాటే పలచబడతాయి. కుళాయి నీళ్ళలోని సున్నం లోపల పొక్కు కడుతుంది.

ఇహ అసలు విషయం. ఈ వ్యవస్థలో సీలు చేసే పని నీళ్ళు కారకుండా ఆపడం ఒక్కటే కాదు, ఒత్తిడిని నిలబెట్టడం. సగం-సగం మిశ్రమం మామూలు గాలి ఒత్తిడిలో 223 డిగ్రీల దగ్గర మరుగుతుంది. రేడియేటర్ మూత చదరపు అంగుళానికి 15 పౌనుల ఒత్తిడిని లోపల బంధిస్తే అదే మిశ్రమం సుమారు 265 దాకా మరగదు. మన ప్రెషర్ కుక్కర్ సూత్రమే. ఒక సీలు ఒత్తిడిని వదిలేస్తోందంటే ఆ నలభై డిగ్రీల వెసులుబాటు పోయినట్టే. అప్పుడు సిలిండర్ హెడ్‌లో బాగా వేడెక్కే చోట్ల ఆవిరి బుడగలు కడతాయి. ఆవిరి లోహం నుంచి వేడిని ద్రవంలా లాక్కోలేదు. అల్యూమినియం హెడ్ వంగుతుంది, అప్పుడు హెడ్ గాస్కెట్ నిజంగానే పోతుంది. అంటే గరాజ్ వాళ్ళు చెప్పిన జబ్బు అప్పటికి నా కారుకి లేదు గానీ, నేను ఇంకొన్నాళ్ళు నీళ్ళు పోస్తూ ఉంటే వచ్చేదే.

సీలు ఎందుకు పాడవుతుంది? రబ్బరు రెండు లోహపు ముక్కల మధ్య నలిగి, తిరిగి లేవాలని చూస్తూ ఉంటుంది. ఆ తిరిగి లేచే గుణమే సీలు. 1986లో ఛాలెంజర్ ప్రమాదం మీద విచారణలో రిచర్డ్ ఫైన్‌మన్ రబ్బరు ముక్కను ఐసు నీళ్ళలో ముంచి చూపించింది ఇదే. అక్కడ చలి ఆ గుణాన్ని పోగొట్టింది, కారులో ఏళ్ళ తరబడి తగిలే వేడి పోగొడుతుంది.

సరే, లీకు ఎక్కడ? అనుమానించాల్సినవి నాలుగు: రేడియేటర్ మూత, థర్మోస్టాట్ సీలు, వాటర్ పంపు, హెడ్ గాస్కెట్. ఇందులో ఊహాగానాలు అక్కర్లేదు. ఆటో పార్టుల దుకాణాలు చాలావరకు డిపాజిట్ కట్టించుకుని ప్రెషర్ టెస్టర్ అరువిస్తాయి. సైకిలు పంపుకి ఒత్తిడి మీటరు తగిలించినట్టుంటుంది. ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మూత తీసి, ఆ స్థానంలో దీన్ని బిగించి, మూత మీద రాసిన అంకె దాకా కొట్టి పావుగంట ఆగాలి. వేడి ఇంజను మూత మాత్రం ఎప్పుడూ తియ్యకండి, మరిగే ద్రవం ముఖం మీదికి చిమ్ముతుంది.

నా మీటరు పావుగంటలో 15 నుంచి 9కి పడింది. టార్చి లైటు వేసి చూస్తే, కింది గొట్టం ఇంజనులోకి చేరే థర్మోస్టాట్ గూడు అంచున గులాబీ రంగు పొక్కు, దాని మీద ఓ తడి గీత. ఇన్నాళ్ళూ చుక్క కింద పడకపోవడానికి కారణం అదే. కారిన కొంచెమూ వేడి లోహం మీద ఆవిరై పోతోంది, పొక్కు మాత్రం మిగులుతోంది. మూతకి కూడా అదే పరీక్ష చేస్తే అది 8 దగ్గరే వదిలేసింది. వాటర్ పంపు కింద ఒక చిన్న రంధ్రం ఉంటుంది. లోపలి షాఫ్టు సీలు అరిగితే కూలంట్ అందులోంచి కారుతుంది. అది పొడిగా ఉంది. హెడ్ గాస్కెట్ సంగతి తేల్చడానికి ఒక నీలం ద్రవం దొరుకుతుంది. ఇంజను నడుస్తుండగా రేడియేటర్ మూతి దగ్గరి గాలిని దాని గుండా లాగితే, పొగ కలిసి ఉంటే పసుపుపచ్చగా మారుతుంది. నాది నీలంగానే ఉంది. 1,800 డాలర్లు మిగిలాయి.

మార్చడం కష్టమేమీ కాదు. రేడియేటర్ అడుగున ఉన్న మర తిప్పి కూలంట్‌ని పళ్ళెంలోకి దింపాలి. గూడుకి ఉన్న రెండు నట్లు తీస్తే థర్మోస్టాట్ బయటికి వస్తుంది. పాత సీలు రొట్టెముక్కలా చదునై, గోరుతో నొక్కితే గాటు పడేంత గట్టిగా ఉంది. లోహపు అంచుల్ని ప్లాస్టిక్ గీకుడు ముక్కతో శుభ్రం చెయ్యాలి. ఇనుప బ్లేడు వాడితే అల్యూమినియం మీద గీతలు పడి అవే కొత్త లీకులవుతాయి. సీలుకి పెట్రోలియం గ్రీజు పూయకండి, ఈ రకం రబ్బరు దానికి ఉబ్బి పాడవుతుంది. కాస్త కూలంట్ తడి చాలు.

నేను చేసిన పొరపాటు కూడా చెప్పాలి. కొత్త సీలుని గూడులో చదునుగా పరిచి, దాని మీద థర్మోస్టాట్ పెట్టి బిగించేశాను. ఆ సీలు లోపలి అంచున ఒక గాడి ఉంటుంది, థర్మోస్టాట్ అంచు అందులో ఇమడాలి. మళ్ళీ ప్రెషర్ కొట్టి చూస్తే కారింది. కూలంట్ నింపి హైవే ఎక్కాక తెలిసి ఉంటే! విప్పి, సరిగ్గా తొడిగి, థర్మోస్టాట్ మీది చిన్న గాలి రంధ్రం పైకి ఉండేలా పెట్టి, నట్లు టార్క్ రెంచ్‌తో మాన్యువల్ చెప్పినంతే బిగించాను. అది చాలా తక్కువ, సుమారు 9 న్యూటన్-మీటర్లు. ఇంకొంచెం గట్టిగా ఉంటే మంచిదనుకుంటే మర తెగుతుంది.

నింపేటప్పుడు ఇంకో లెక్క ఉంది. దింపితే వచ్చింది మూడు లీటర్లే, మిగతా మూడు బ్లాకులోనే ఉంటాయి. వాటిలో గ్లైకాల్ పాతిక శాతం. పైన సగం-సగం మిశ్రమం పోస్తే మొత్తం 37.5 శాతం దాటదు. అందుకని రెండుంపావు లీటర్ల చిక్కటి కూలంట్, ముప్పావు లీటరు డిస్టిల్డ్ వాటర్ పోశాను. రంగు చూసి కాకుండా మాన్యువల్ చూసి కొనండి, ఒకే రంగులో వేరువేరు రసాయనాలుంటాయి. తరవాత మూత తీసి ఉంచే, హీటరు పూర్తిగా పెట్టి, గాలి బుడగలు ఆగేదాకా ఇంజను నడిపి కొత్త మూత బిగించాను.

ఒక జాగ్రత్త. గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. పిల్లలూ పెంపుడు జంతువులూ తిరిగే చోట పళ్ళెం వదిలెయ్యకండి, వీధి కాలువలో పారబొయ్యకండి. మీ కౌంటీలో ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోటికి చేర్చండి.

సీలూ మూతా కలిపి ఇరవై డాలర్లు దాటలేదు. ఫిబ్రవరిలో -6 డిగ్రీల పొద్దున ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది. ఓవర్‌ఫ్లో సీసా మీద అక్టోబరులో మార్కర్‌తో గీసిన గీతలు ఇంకా ఉన్నాయి, వారానికొకటి, కిందికి కిందికి. నవంబరులో గీసిన ఆఖరి గీత దగ్గరే ఇప్పటికీ కూలంట్ నిలిచి ఉంది. డిక్కీలో ఉన్న నీళ్ళ డబ్బా మొక్కలకి వాడుతున్నాం.