అగ్నివీర్ రన్నింగ్: 5.30 కొట్టాలంటే రోజూ ఫుల్ స్పీడ్ వద్దు.. మార్కాపురం, గిద్దలూరు కుర్రాళ్లు చూసుకోవాల్సినవి ఇవే

నెలల తరబడి చదివి ఆన్‌లైన్ పరీక్ష పాసవుతారు. ర్యాలీకి వెళ్లాక మహా అయితే 6 నిమిషాల 15 సెకన్లలో సీన్ మారిపోతుంది. 1.6 కిలోమీటర్ల పరుగులో టైమ్ దాటితే అంతే సంగతులు. మిగతా ఈవెంట్లకు పిలుపే ఉండదు, అదే రోజు ఇంటి దారి పట్టాల్సిందే.

నోటిఫికేషన్ పడిందంటే చాలు.. మార్కాపురం, గిద్దలూరు, కంభం, బేస్తవారిపేట, కొమరోలు, యర్రగొండపాలెం వైపు కాలేజీ గ్రౌండ్లు, హైస్కూల్ మైదానాలు తెల్లవారకముందే కళకళలాడతాయి. వానను నమ్ముకున్న మెట్ట సేద్యం, ఒకప్పటి ఊపు లేని పలకల పరిశ్రమ, వెలిగొండ నీళ్ల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూపులు.. ఇదీ పశ్చిమ ప్రకాశం పరిస్థితి. ఇలాంటి చోట యూనిఫాం ఉద్యోగం అంటే ఇంటిల్లిపాదికీ ఆశ.

2022 జూన్ 14న కేంద్రం ప్రకటించిన అగ్నిపథ్ స్కీమ్ ప్రకారం సర్వీసు నాలుగేళ్లే. మొదటి ఏడాది నెలకు 30 వేలు, నాలుగో ఏడాదికి 40 వేల రూపాయల ప్యాకేజీ. అందులో 30 శాతం సేవానిధికి పోతుంది. నాలుగేళ్లయ్యాక 25 శాతం మంది వరకు రెగ్యులర్ సర్వీసులోకి తీసుకుంటారు. ఇవన్నీ తర్వాతి మాట. ముందు గ్రౌండ్ దాటాలి కదా. చాలామంది దెబ్బతింటున్నదే అక్కడ. కష్టపడక కాదు, కష్టపడాల్సిన తీరు తెలియక.

ముందు రూల్స్ ఏంటో చూద్దాం

2023 నుంచి పద్ధతి మారింది. ముందు ఆన్‌లైన్ రాత పరీక్ష. ఇప్పుడు దీన్ని తెలుగులోనూ రాయొచ్చు. అందులో షార్ట్‌లిస్ట్ అయినవాళ్లకే ర్యాలీ. ఈ ప్రాంత అభ్యర్థులు గుంటూరు ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీస్ పరిధిలోకి వస్తారు. ర్యాలీ ఎప్పుడూ ఒకే ఊళ్లో ఉండదు. 2024 నవంబరులో కడపలో జరిగింది.

పరుగుకు 60, బీమ్‌కు 40.. మొత్తం 100 మార్కులు. 2025 నుంచి పరుగులో నాలుగు గ్రూపులు పెట్టారు.

- 5 నిమిషాల 30 సెకన్ల లోపు: 60 మార్కులు
- 5.31 నుంచి 5.45 వరకు: 48 మార్కులు
- 5.46 నుంచి 6.00 వరకు: 36 మార్కులు
- 6.01 నుంచి 6.15 వరకు: 24 మార్కులు

బీమ్, అంటే పుల్ అప్స్‌లో 10 తీస్తే 40 మార్కులు. 9కి 33, 8కి 27, 7కి 21, 6కి 16. ఆరు కూడా రాకపోతే ఔట్. 9 అడుగుల గుంత దూకడం, జిగ్‌జాగ్ బ్యాలెన్స్ మీద నడవడం.. ఈ రెండిటికీ మార్కులు లేవు, క్వాలిఫై అయితే చాలు. జనరల్ డ్యూటీకి ఎత్తు 166 సెంటీమీటర్లు, ఛాతీ 77 సెంటీమీటర్లు ఉండి, గాలి పీల్చినప్పుడు మరో 5 సెంటీమీటర్లు పెరగాలి. గుర్తింపు పొందిన గిరిజన ప్రాంతాల గిరిజన అభ్యర్థులకు ఎత్తులో సడలింపు ఉంది. నల్లమల చెంచు గూడేల యువకులు దీన్ని నోటిఫికేషన్‌లో ప్రత్యేకంగా చూసుకోవాలి.

అమ్మాయిలకు మిలిటరీ పోలీస్ విభాగంలో అవకాశం ఉంది. వాళ్లకు అదే 1.6 కిలోమీటర్లు, 7.30 లోపు మొదటి గ్రూప్, 8 నిమిషాల లోపు రెండో గ్రూప్. 10 అడుగుల లాంగ్ జంప్, 3 అడుగుల హైజంప్ క్వాలిఫై కావాలి.

5.30 అంటే ఎంత స్పీడ్?

లెక్క సింపుల్. 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు. 5 నిమిషాల 30 సెకన్లంటే 330 సెకన్లు. ఒక్కో రౌండ్‌కు 82.5 సెకన్ల చొప్పున వస్తుంది. 6.15 కావాలన్నా రౌండ్‌కు 93 సెకన్లు దాటకూడదు.

విజిల్ పడగానే అందరితో కలిసి దూసుకెళ్లి మొదటి రౌండ్ 70 సెకన్లలో కొట్టేవాళ్లుంటారు. మూడో రౌండ్‌కి కాళ్లు రాళ్లయిపోతాయి. మొదట్లో మిగిల్చుకున్న 12 సెకన్లకు మూడో రౌండ్‌లో 20 సెకన్లు కట్టాల్సి వస్తుంది. మొదటి రౌండ్ 80, 82 సెకన్లలో ఉంచుకున్నవాళ్లే చివర్లో పుంజుకుంటారు.

అందుకే ముందు ఓ టేప్ తెచ్చుకుని గ్రౌండ్ కొలవండి. ఫోన్ యాప్ చూపించే దూరం చిన్న గ్రౌండ్ల మీద తేడా వస్తుంది. 200 మీటర్ల గ్రౌండ్ అయితే ఎనిమిది రౌండ్లు, రౌండ్‌కు 41 సెకన్లు. ఈ పేస్ కాళ్లకు అలవాటైపోవాలి.

రోజూ ఫుల్ స్పీడ్.. ఇక్కడే దెబ్బ

ఎక్కువమంది చేసేది ఒకటే. రోజూ పొద్దున్నే 1600 మీటర్లు ప్రాణం పెట్టి పరిగెత్తడం, టైమ్ చూసుకోవడం. మొదటి మూడు వారాలు టైమ్ తగ్గుతుంది. తర్వాత ఆగిపోతుంది. ఆ తర్వాత మోకాలి కింద, ముందు ఎముక వెంబడి నొప్పి మొదలవుతుంది.

ఎందుకిలా? ఐదారు నిమిషాల పరుగులో ఒంటికి కావాల్సిన శక్తిలో ఎక్కువ భాగం ఆక్సిజన్ ద్వారానే వస్తుంది. ఆ సామర్థ్యం పెరగాలంటే ఎక్కువసేపు, నెమ్మదిగా పరిగెత్తాలి. గుండె, ఊపిరి కొన్ని వారాల్లోనే మెరుగుపడతాయి. ఎముకలు, నరాల్లాంటి కండరాల బంధాలు గట్టిపడటానికి మాత్రం నెలలు పడుతుంది. ఊపిరి ఆడుతోంది కదా అని కాలు మీద భారం పెంచితే ఎముక మీదే దెబ్బ పడుతుంది.

నొప్పి ఎముక పొడవునా ఉండి, విశ్రాంతి ఇస్తే తగ్గుతుంటే పరుగు తగ్గించుకుంటే సరిపోతుంది. వేలు పెట్టి ఇదిగో ఇక్కడే అని చూపించేలా ఒకే చోట నొప్పి ఉన్నా, రాత్రి పడుకున్నప్పుడు కూడా లాగుతున్నా డాక్టర్‌కు చూపించాలి. సన్నటి పగులు కావచ్చు. నొప్పి మాత్ర వేసుకుని పరిగెత్తితే రెండు వారాల సమస్య రెండు మూడు నెలలకు వెళ్తుంది. అప్పటికి ర్యాలీ అయిపోతుంది.

12 వారాల ప్లాన్ ఇలా

ర్యాలీ డేట్ వచ్చాక మొదలుపెడితే ఇంత టైమ్ దొరకదు. రాత పరీక్ష రిజల్ట్ కోసం ఆగకుండా, పరీక్ష రాసిన మర్నాటి నుంచే మొదలుపెట్టడం మంచిది.

మొదటి 4 వారాలు: వారానికి నాలుగు రోజులు, 25 నుంచి 40 నిమిషాలు నెమ్మదిగా. పక్కవాడితో మాట్లాడుతూ పరిగెత్తగలగాలి. మాట రాకపోతే స్పీడ్ ఎక్కువైనట్టే. కొత్తవాళ్లు కాస్త పరుగు, కాస్త నడకతో మొదలుపెట్టొచ్చు. స్టాప్‌వాచ్ ఇంట్లోనే వదిలేయండి.

5 నుంచి 8 వారాలు: రెండు రోజులు నెమ్మది పరుగు. ఒక రోజు 6 నుంచి 8 కిలోమీటర్ల లాంగ్ రన్. ఇంకో రోజు 400 మీటర్లు ఆరుసార్లు, ఒక్కోటి 88 నుంచి 90 సెకన్లలో. మధ్యలో 2 నిమిషాలు నడక.

9 నుంచి 11 వారాలు: ఇప్పుడు అసలు పేస్. ఒక రోజు 400 మీటర్లు ఐదుసార్లు, 80 నుంచి 82 సెకన్లలో. ఇంకో రోజు 800 మీటర్లు మూడుసార్లు, ఒక్కోటి 2 నిమిషాల 45 సెకన్లలో. రెండు వారాలకోసారి మాత్రమే పూర్తి 1600 టైమ్ ట్రయల్. మిగతా రోజులు నెమ్మది పరుగే.

చివరి వారం: పరుగు సగానికి తగ్గించేయాలి. ఈ వారంలో కొత్తగా బలం రాదు, అలసట మాత్రం వస్తుంది.

ఏ దశలోనైనా వారానికి ఒక రోజు పూర్తి విశ్రాంతి. రాత్రి ఏడెనిమిది గంటల నిద్ర. రీల్స్ చూస్తూ ఒంటిగంటకు పడుకుని నాలుగింటికి గ్రౌండ్‌కి వెళ్తే ఎంత మంచి ప్లానైనా పని చేయదు.

బీమ్ మీద 40 మార్కులు వదిలేయొద్దు

ఫైనల్ మెరిట్‌లో ఈ మార్కులూ కలుస్తాయి. 5.30 కొట్టి బీమ్ 6 తీసినవాడికి 76 మార్కులు. 5.45 లోపు వచ్చి 10 తీసినవాడికి 88. అంటే పరుగులో వెనకబడినవాడే మార్కుల్లో ముందున్నాడు.

ఒక్కటి కూడా రానివాళ్లు ముందు రాడ్ పట్టుకుని 30 సెకన్లు వేలాడటం అలవాటు చేసుకోవాలి. తర్వాత స్టూల్ ఎక్కి గడ్డం రాడ్ పైకి వచ్చేలా నిలబడి, ఐదు సెకన్లు లెక్కపెడుతూ మెల్లగా కిందికి దిగాలి. ఇలా ఐదుసార్లు, వారానికి మూడు రోజులు. కొన్ని వారాల్లో మొదటి పుల్ అప్ వస్తుంది. చేతులు పూర్తిగా చాపి, ఊగకుండా, గడ్డం రాడ్ దాటేలా తీస్తేనే లెక్క. ర్యాలీలో బీమ్ వచ్చేది పరుగు తర్వాత. కాబట్టి వారానికోసారైనా పరిగెత్తిన తర్వాతే బీమ్ ప్రాక్టీస్ చేయాలి.

ఎండ, రోడ్డు, నీళ్లు

మన వైపు మార్చి దాటితే ఎండ సంగతి చెప్పక్కర్లేదు. ఏప్రిల్, మేలో ఉదయం ఏడు లోపు గ్రౌండ్ నుంచి బయటపడాలి. పరిగెత్తుతుంటే తల తిరగడం, వణుకు, చెమట ఆగిపోవడం, మాట తడబడటం కనిపిస్తే వెంటనే ఆపి నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోసి, ఆస్పత్రికి తీసుకెళ్లాలి. అది వడదెబ్బ.

చీకట్లో హైవే మీద పరుగు అస్సలు వద్దు. గిద్దలూరు, కంభం మీదుగా పోయే అనంతపురం-గుంటూరు హైవే మీద తెల్లవారుజామున లారీలు ఆగకుండా తిరుగుతాయి. తప్పనిసరై రోడ్డెక్కితే ఎదురుగా వచ్చే బండ్లు కనపడేలా కుడివైపున, లేత రంగు టీషర్ట్‌తో వెళ్లాలి. తారు కంటే మట్టి నేల కాళ్లకూ మంచిది.

పశ్చిమ ప్రకాశంలో చాలా పల్లెల్లో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. పరిగెత్తేవాళ్లు మామూలు కంటే ఎక్కువ నీళ్లు తాగుతారు. అందుకే తాగేందుకు శుద్ధి చేసిన నీళ్లే వాడాలి. నీళ్లతో పాటు ఉప్పేసిన మజ్జిగ ఉంటే చాలు.

పౌడర్ డబ్బాలు అక్కర్లేదు

రెండు మూడు కోడిగుడ్లు, ఉడికించిన శనగలు, పెసలు, గుప్పెడు వేరుశనగ గింజలు, పప్పు, పెరుగు, ఆకుకూర. సజ్జ రొట్టె, రాగి సంగటి, జొన్నన్నం మన ఇళ్లలో ఉన్నవే. వేల రూపాయలు పెట్టి ప్రొటీన్ డబ్బా కొనేకంటే ఇదే మేలు.

ఇక ఇంజెక్షన్లు. ర్యాలీ ముందు ఒక్క ఇంజెక్షన్‌తో స్టామినా వస్తుందని చెప్పేవాళ్ల మాట నమ్మొద్దు. ఇలాంటి మందులు వాడొద్దని నోటిఫికేషన్లే హెచ్చరిస్తున్నాయి. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు నొప్పి మాత్రలు మింగి పరిగెత్తితే కిడ్నీలకే ప్రమాదం.

మెడికల్ ముందే చూపించుకోండి

పరుగు, బీమ్ గెలిచి మెడికల్‌లో ఆగిపోతే ఆ బాధ వేరు. చదునైన పాదాలు, మోకాళ్లు ఒకదానికొకటి తగలడం, రంగులు గుర్తించలేకపోవడం.. ఇవి శిక్షణతో పోవు. ప్రిపరేషన్ మొదట్లోనే ఒకసారి చూపించుకుంటే ఆశ పెట్టుకోవాలా వద్దా తెలుస్తుంది. పళ్లకు కనీసం 14 డెంటల్ పాయింట్లు ఉండాలి. పుచ్చిన పళ్లు, చెవిలో గులిమి లాంటివి ముందుగానే సరి చేయించుకోవచ్చు.

ర్యాలీ రోజు

సాధారణంగా రిపోర్టింగ్ అర్ధరాత్రి దాటాక, తెల్లవారుజామునే ఉంటుంది. గిద్దలూరు నుంచి పోరుమామిళ్ల మీదుగా కడపకు, లేదా రైల్లో గుంటూరుకు.. ఎటు వెళ్లినా ఒక రోజు ముందే చేరుకోవాలి. రాత్రంతా బస్సులో కూర్చుని నేరుగా ట్రాక్ ఎక్కితే 12 వారాల కష్టం బస్సులోనే పోతుంది. కొత్త బూట్లు ఆ రోజే మొదటిసారి వేసుకోవద్దు. పరుగుకు రెండు గంటల ముందు అరటిపండు, కొంచెం నీళ్లు చాలు. విజిల్‌కు ముందు పది నిమిషాలు వార్మప్.

ఒకవేళ రాకపోతే?

ఈ శిక్షణ వృథా పోదు. ఏపీ పోలీస్ కానిస్టేబుల్ ఈవెంట్స్‌లో పురుషులకు 1600 మీటర్ల గడువు 8 నిమిషాలు. ఎస్ఎస్‌సీ జీడీ కానిస్టేబుల్‌కు 5 కిలోమీటర్లు 24 నిమిషాల్లో పరిగెత్తాలి. నెమ్మది పరుగుతో స్టామినా కట్టుకున్నవాళ్లకు ఈ రెండూ అందుతాయి. రోజూ 1600 మీటర్లే కొట్టినవాళ్లకు 5 కిలోమీటర్లు కష్టమవుతుంది.

వయసు పరిమితి, ఎత్తు, మార్కుల రూల్స్ ఏటా మారే అవకాశం ఉంది. అప్లై చేసేముందు జాయిన్ ఇండియన్ ఆర్మీ వెబ్‌సైట్‌లో ఆ ఏడాది నోటిఫికేషన్ పూర్తిగా చదవండి. అప్లికేషన్, పరీక్ష, ర్యాలీ ఏదైనా మెరిట్ మీదే. ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బులడిగే దళారులకు రూపాయి కూడా ఇవ్వొద్దు.