49 నిమిషాల స్ట్రైకర్: లీడ్స్‌కి అసలు లోటు ఎక్కడుంది?

జనవరి వచ్చిందంటే ఫుట్‌బాల్ ఫ్యాన్స్ ఫోన్లకి రెస్ట్ ఉండదు. యూరప్ క్లబ్బులు సీజన్ మధ్యలో ఆటగాళ్లని కొనుక్కునేది ఈ నెలలోనే కదా. ఎవడొస్తున్నాడు, ఎంతకొస్తున్నాడు, ఇంకా సంతకం పెట్టలేదేంటి... ఇదే గోల. ప్రతి ఫ్యాన్ దగ్గరా ఓ లిస్ట్ ఉంటుంది. అందులో మొదటి పేరు దాదాపు ఎప్పుడూ స్ట్రైకర్‌దే. గోల్స్ రావట్లేదా? గోల్స్ కొట్టేవాణ్ణి తెచ్చేయ్. సింపుల్ లాజిక్. నేనూ అలాగే అనుకునేవాణ్ణి, 2020లో లీడ్స్ యునైటెడ్ కథ ఫాలో అయ్యేదాకా.

ముందు ఒక విషయం. మన ఐపీఎల్‌లో టేబుల్ అడుగున నిలిచినా వచ్చే ఏడాది దర్జాగా అదే లీగ్‌లో ఆడొచ్చు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో ఆ సుఖం లేదు. ప్రీమియర్ లీగ్‌లో చివరి మూడు జట్లు కింది డివిజన్ అయిన చాంపియన్‌షిప్‌కి పడిపోతాయి. అక్కడ 24 జట్లు, ఒక్కో జట్టుకి 46 మ్యాచ్‌లు. మొదటి రెండు స్థానాల్లో ఉంటే నేరుగా పైకి. అప్పట్లో మూడు నుంచి ఆరు దాకా ఉన్నవాళ్లు ప్లేఆఫ్ ఆడుకోవాల్సి వచ్చేది, వాళ్లలో ఒక్కరికే చోటు. పైకెళ్తే వచ్చే డబ్బు వంద మిలియన్ పౌండ్ల పైమాటే. వెళ్లకపోతే మంచి ఆటగాళ్లని అమ్ముకుంటూ ఇంకో ఏడాది అదే ఊబిలో.

లీడ్స్ ఆ ఊబిలో 2004 నుంచీ ఉంది. 1992లో ఇంగ్లండ్ చాంపియన్స్, 2001లో చాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ ఆడిన జట్టు. అప్పులు ముంచేశాయి. మధ్యలో మూడు సీజన్లు మూడో డివిజన్‌లో కూడా ఆడింది. 2018 జూన్‌లో మార్సెలో బియెల్సా అనే అర్జెంటీనా కోచ్‌ని తెచ్చుకున్నారు. అర్జెంటీనా, చిలీ జాతీయ జట్లని నడిపిన పెద్దమనిషి. అలాంటాయన దగ్గరలోని వెదర్‌బీ అనే చిన్న ఊళ్లో, ఓ మిఠాయి షాపు పైన చిన్న ఫ్లాట్‌లో ఉండేవాడు. గార్డియోలా లాంటివాళ్లే ఆయన్ని మెచ్చుకుంటారు.

మొదటి సీజన్‌లోనే పైకి వెళ్లిపోతారనుకున్నారు. క్రిస్మస్‌కి టాప్‌లో ఉన్న టీమ్ చివరికి మూడో స్థానానికి జారింది. ప్లేఆఫ్ సెమీస్‌లో డెర్బీ గ్రౌండ్‌లో 1-0తో గెలిచి, సొంత ఎలండ్ రోడ్‌లో 4-2తో ఓడి బయటికొచ్చింది. కాబట్టి 2019-20లో లీడ్స్ మళ్లీ టాప్‌లో ఉన్నప్పుడు ఫ్యాన్స్‌కి సంతోషం కంటే భయమే ఎక్కువ. "మళ్లీ అదే సినిమానా?"

ట్రైలర్ డిసెంబర్‌లోనే వచ్చింది. కార్డిఫ్ మీద 3-0 ఆధిక్యంలో ఉండి 3-3 డ్రా. అప్పటిదాకా మూడో స్థానంలో ఉన్నవాళ్లకీ లీడ్స్‌కీ మధ్య ఉన్న పెద్ద గ్యాప్ వారం వారం కరగడం మొదలైంది. సరిగ్గా జనవరి రాగానే ఆర్సెనల్ తన కుర్రాడు ఎడ్డీ ఎన్‌కేటియాని లోన్ నుంచి వెనక్కి పిలిచేసుకుంది. టోటెన్‌హామ్ కూడా జాక్ క్లార్క్‌ని తీసుకెళ్లిపోయింది. మిగిలిన స్ట్రైకర్ ఒక్కడే, ప్యాట్రిక్ బామ్‌ఫోర్డ్. ఆ సీజన్‌లో అందరూ తిట్టుకునేది కూడా అతన్నే.

న్యాయంగా చెప్పాలంటే తిట్లు ఊరికే రాలేదు. జనవరి 18న క్యూపీఆర్ మీద పెనాల్టీ మిస్ చేశాడు, టీమ్ 1-0తో ఓడింది. దాంతో అందరిదీ ఒకటే మాట: స్ట్రైకర్ కావాలి, అర్జెంట్. సౌతాంప్టన్ నుంచి చే ఆడమ్స్‌ని అడిగారు, వాళ్లు ఇవ్వలేదు. నెలాఖరుకి దొరికినవాడు జాన్-కెవిన్ అగస్టిన్. వయసు 22, పీఎస్‌జీలో పెరిగిన ఫ్రెంచ్ కుర్రాడు, ఆర్‌బీ లీప్‌జిగ్ ప్లేయర్. అప్పటిదాకా లోన్ మీద మొనాకోలో ఉన్నా అక్కడ పెద్దగా ఆడింది లేదు. లీడ్స్‌కీ లోన్ మీదే వచ్చాడు, కానీ ఒక షరతు ఉంది: టీమ్ ప్రమోట్ అయితే సుమారు 21 మిలియన్ యూరోలకి కొని తీరాలి.

నిజానికి ఆ క్యూపీఆర్ మ్యాచ్‌లో పెనాల్టీ కంటే పెద్ద నష్టం వేరే ఉంది. ఆట చివర్లో కాల్విన్ ఫిలిప్స్‌కి రెడ్ కార్డు పడింది. మూడు మ్యాచ్‌ల నిషేధం. అదే అసలు దెబ్బ అని నా అభిప్రాయం. ఎందుకో అర్థం కావాలంటే బియెల్సా ఆట ఎలా ఉంటుందో కాస్త చూడాలి.

ఆయన మామూలు ఫార్మేషన్ 4-1-4-1. మధ్యలో ఉన్న ఆ "1" ఫిలిప్స్. ఎదుటి టీమ్ ఒక స్ట్రైకర్‌తో వస్తే వెనక ఇద్దరు సెంటర్ బ్యాక్‌లు, వాళ్ల ముందు ఫిలిప్స్. ఇద్దరు స్ట్రైకర్లతో వస్తే వెనక ముగ్గురు ఉండాల్సిందే. అంటే ఎదుటివాళ్ల స్ట్రైకర్లు ఎంతమందో అంతకంటే ఒకడు ఎక్కువ, అదీ ఆయన రూల్. మిగతావాళ్లంతా మనిషికి మనిషి. నీ మనిషి ఎక్కడికి పరిగెడితే నువ్వూ అక్కడికే. ఒక్కడు తన మనిషిని వదిలేశాడా, వెనకున్నవాళ్లంతా వరసగా చెదిరిపోతారు. బాల్ మనది కాగానే ఫుల్‌బ్యాక్‌లు ఇద్దరూ పైకి ఉరుకుతారు. అప్పుడు వెనక ఖాళీ అయిన మైదానాన్ని కాపలా కాసేదీ, దాడి మొదలుపెట్టే మొదటి పాస్ ఇచ్చేదీ ఫిలిప్సే. కోడ్ రాసేవాళ్లకి అర్థమయ్యేలా చెప్తే, సిస్టమ్‌లో అందరూ కాల్ చేసే సర్వీసు అదొక్కటే, దానికి బ్యాకప్ లేదు.

ఇంకో చిక్కు, బియెల్సాకి పెద్ద స్క్వాడ్ అంటే పడదు. తక్కువమంది ఉండాలి, ఒక్కొక్కడు రెండు మూడు పొజిషన్లు ఆడాలి, మిగతా లోటు అండర్-23 కుర్రాళ్లతో పూడ్చుకోవాలి. స్టువర్ట్ డల్లాస్ ఇందుకు మంచి ఉదాహరణ: రైట్ బ్యాక్, లెఫ్ట్ బ్యాక్, మిడ్‌ఫీల్డ్, ఎక్కడ పెట్టినా ఆడతాడు. బాగున్నప్పుడు ఈ పద్ధతి అద్భుతం. ఒక కీలకమైనవాడు లేకపోతే మాత్రం బెంచ్ మీద చూడ్డానికి ఎవరూ కనబడరు.

ఫిలిప్స్ లేని మూడు మ్యాచ్‌లూ చూడండి. మిల్‌వాల్ మీద 2-0తో వెనకబడి 3-2తో గట్టెక్కారు. అందులో రెండు గోల్స్ అందరూ తిడుతున్న బామ్‌ఫోర్డ్‌వే! తర్వాత విగాన్ చేతిలో సొంత గ్రౌండ్‌లో 1-0 ఓటమి, అదీ మనోడు పాబ్లో హెర్నాండెజ్ సెల్ఫ్ గోల్‌తో. ఆపై నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌లో 2-0. ఆధిక్యం మొత్తం ఆవిరి. తప్పంతా ఫిలిప్స్ లేకపోవడంలోనే ఉందంటే అబద్ధమవుతుంది, అతను ఉన్నప్పుడు కూడా షెఫీల్డ్ వెడ్నెస్‌డే చేతిలో ఓడారు. కానీ అతను తిరిగొచ్చాక ఏం జరిగిందో చూస్తే డౌట్ తీరిపోతుంది. బ్రెంట్‌ఫర్డ్‌తో 1-1 డ్రా. ఆ తర్వాత బ్రిస్టల్ సిటీ, రీడింగ్, మిడిల్స్‌బ్రో, హల్, హడర్స్‌ఫీల్డ్... వరసగా ఐదు గెలుపులు. ఐదింటిలో ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. మొదటి మూడూ 1-0లే! పైగా హల్ మ్యాచ్‌కి ముందే గోల్‌కీపర్ కీకో కాసియా, ప్రత్యర్థిని జాతివివక్షతో దూషించాడన్న కేసులో ఎనిమిది మ్యాచ్‌ల నిషేధానికి గురయ్యాడు. అతని ప్లేస్‌లో దిగిన ఇలాన్ మెలియేకి అప్పటికి ఇంకా 20 నిండలేదు. ఆ మ్యాచ్ 4-0.

మరి అగస్టిన్? బియెల్సా టీమ్‌లో నిలబడాలంటే ముందు ఆ పరుగు పరిగెత్తాలి. బాల్ బయటికెళ్లినా ఆట ఆగని "మర్డర్‌బాల్" అనే ప్రాక్టీస్‌కి తట్టుకోవాలి. ఎవరి మనిషి ఎవరో ఒళ్లు మరిచేలా అలవాటవ్వాలి. అగస్టిన్‌కి ఫిట్‌నెస్ లేదు, దానికితోడు తొడకండరం పట్టేసింది. మా ఆఫీసుల్లో కూడా ఇంతే. రిలీజ్‌కి మూడు వారాలుందనగా మేనేజర్ ఓ సూపర్ డెవలపర్‌ని తెచ్చి కూర్చోబెడతాడు. మొదటి వారం అతనికి యాక్సెస్‌లు ఇప్పించడానికి, రెండో వారం ఉన్నవాళ్లు పని ఆపి అతనికి చెప్పడానికి సరిపోతుంది. మూడో వారం రిలీజ్ వాయిదా. అగస్టిన్ మొత్తం మూడు మ్యాచ్‌ల్లో సబ్‌స్టిట్యూట్‌గా వచ్చి ఆడింది 49 నిమిషాలు. గోల్స్ సున్నా.

కోవిడ్‌తో లీగ్ ఆగిపోయేసరికి లీడ్స్ 37 మ్యాచ్‌ల్లో 71 పాయింట్లతో టాప్‌లో ఉంది, మూడో స్థానానికి ఏడు పాయింట్ల దూరం. జూన్‌లో ఖాళీ స్టాండ్ల మధ్య మళ్లీ మొదలవగానే కార్డిఫ్‌లో 2-0 ఓటమి. ఫ్యాన్స్‌కి మళ్లీ గుండె దడ. కానీ ఈసారి జారలేదు. స్వాన్సీలో 89వ నిమిషంలో పాబ్లో హెర్నాండెజ్, అదే విగాన్ మ్యాచ్ పాబ్లో, 35 ఏళ్ల వయసులో కొట్టిన గోల్ చూడకపోతే ఇప్పుడే వెతికి చూడండి, మిగతాది తర్వాత చదవొచ్చు. జూలై 17న వెస్ట్ బ్రామ్ ఓడడంతో ప్రమోషన్ ఖాయమైంది. మర్నాడు టైటిల్ కూడా. ఆ మర్నాడు ఏడాది కిందట తమని ఇంటికి పంపిన డెర్బీ గ్రౌండ్‌కి వెళ్తే, డెర్బీ ఆటగాళ్లే వరసగా నిలబడి చప్పట్లు కొట్టారు. సీజన్ చివర్లో ఫిలిప్స్ గాయపడితే డిఫెండర్ బెన్ వైట్ ఆ పొజిషన్‌లోకి జరిగాడు. చివరి మ్యాచ్‌లో చార్ల్టన్ మీద గోల్ కూడా కొట్టాడు. మొత్తం 93 పాయింట్లు, రెండో టీమ్ కంటే 10 ఎక్కువ. 46 మ్యాచ్‌ల్లో ఇచ్చిన గోల్స్ 35 మాత్రమే.

బామ్‌ఫోర్డ్ ఆ సీజన్‌లో లీగ్‌లో 16 గోల్స్ కొట్టాడు. "వీడు ప్రీమియర్ లీగ్‌కి పనికిరాడు" అన్నారు. మరుసటి ఏడాది అక్కడ 17 కొట్టాడు, టీమ్ తొమ్మిదో స్థానంలో నిలిచింది.

అగస్టిన్ బిల్లు మాత్రం అలాగే మిగిలింది. కోవిడ్ వల్ల ప్రమోషన్ జూన్ 30 దాటాక వచ్చింది కాబట్టి కొనాల్సిన పని లేదని లీడ్స్ వాదించింది. ఫిఫా ఒప్పుకోలేదు. అప్పీల్‌కి వెళ్తే 2022లో స్పోర్ట్స్ ఆర్బిట్రేషన్ కోర్టు కూడా లీప్‌జిగ్ వైపే తీర్పు చెప్పింది. అప్పటికి బియెల్సాని తీసేసి కూడా తొమ్మిది నెలలవుతోంది.