భారతమున యుద్ధవ్యయగణనము

యుద్ధకావ్య మనఁగానే మనకు వీరరసము స్ఫురించును. పాఠశాలలయందు భారతమును బోధించునపుడు ద్రోణకర్ణపర్వములలోని ద్వంద్వయుద్ధములనే తఱచుగా నేఱి చెప్పుచున్నాము. కాని యుద్ధమువలనఁ గలిగిన నష్టమును మహర్షి యెట్లు లెక్కించెనో తరువాతి పర్వములఁ జూచినఁగాని తెలియదు.

మొదటిది జననష్టము. కురుక్షేత్రమునఁ గూడిన సేన 18 అక్షౌహిణులు. అక్షౌహిణి యనఁగా 21,870 రథములు, అన్నియే గజములు, 65,610 గుఱ్ఱములు, 1,09,350 కాల్బలము. స్త్రీపర్వమున ధృతరాష్ట్రుఁ డడుగఁగా ధర్మరాజు మృతులు 166 కోట్ల 20 వేల మంది యనియు, కానరానివారు 24,165 మంది యనియుఁ జెప్పెను. 18 అక్షౌహిణుల కాల్బలము 19,68,300 మాత్రమే. రథికాదులను గలిపినను కోట్ల సంఖ్యకు మిక్కిలి దూరము. కావున దీనిని చరిత్రగా గ్రహింపరాదు. అయినను మృతులను గోట్లతోఁ జెప్పిన కవి, కానరానివారిని మాత్రము వేఱుపఱచి యొకట్ల స్థానము వఱకు లెక్కించుట గమనింపఁదగినది. దిక్కులేని శవములకు సైతము ధర్మరాజు దహనసంస్కారము చేయించెను. కానరానివాని యింటివారి కా యూఱటయు లేదు.

రెండవది ధననష్టము. ఆశ్వమేధికపర్వమున వ్యాసుఁడు యజ్ఞము చేయు మనఁగా, ధర్మరాజు తనకడ ధనము లేదనియు, దీనులైన రాజకుమారుల నడుగ మనసొప్ప దనియుఁ బలికెను. మూలమున నా బాలురకు 'ఆర్ద్రవ్రణ' యని విశేషణము. ఆర్ద్రములైన వ్రణములు గలవారని బహువ్రీహి. గాయములింకను ఆఱనివారని తాత్పర్యము. ఇది విలాపఘట్టమున గాక ధనార్జనప్రసంగమున వచ్చుటయే విశేషము. బొక్కసము నింపవలసినవారే గాయపడినవారు గావున, జననష్టమును ధననష్టమును వేఱుగా లెక్కింప వీలులేదని యీ యొక్క సమాసము తెలుపుచున్నది. తుదకు మరుత్తుని యజ్ఞమున విప్రులు హిమవత్పర్వతమున విడిచిపోయిన సువర్ణమును దెచ్చుకొనవలసివచ్చెను. గెలిచిన రాజ్యము, గెలుపువలనఁ గలిగిన పాపమును బోఁగొట్టుకొనుటకైనను జాలదయ్యెను.

ఇవి వీరరసమున కంగములే యని కొంద ఱనవచ్చును. కాని ధ్వన్యాలోకము చతుర్థోద్ద్యోతమున నానందవర్ధనుఁడు, వృష్ణిపాండవుల విరసావసానము హేతువుగా, భారతమున శాంతమే యంగిరస మని నిర్ణయించెను. పైని జూపిన గణనము ఆ నిర్ణయమునకే తోడ్పడుచున్నది.

13వ శతాబ్దమునఁ దిక్కన విరాటపర్వము మొదలుకొని 15 పర్వములు రచించెను. యుద్ధపర్వములతో నాఁపక స్త్రీపర్వమును, ఆశ్వమేధపర్వమును గూడఁ దెనిఁగించెను. ఆయన విడువనిదానిని మనము పాఠమున విడుచుట తగదు. కర్ణవధ చెప్పిన మఱునాఁడు బాలురచేత స్త్రీపర్వమును గూడఁ జదివింతుము గాక.