సంగటి ఎవరి కూడు?

చిత్తూరు సీమలో గింజకీ కులముంది. ఈ మాట కొందరికి విడ్డూరంగా తోచవచ్చు. చెరువు కింద మడిలో వరి పండుతుంది. వాన కోసం మోరెత్తి చూసే మెట్టచేలల్లో రాగి, కొర్ర, సామ, అరిక పండుతాయి. మడి ఎవరిదో, అందులో కూలి ఎవరో ఇక్కడ అందరికీ తెలుసు. 'మడి' అన్న మాటకి రెండర్థాలున్నాయి. ఒకటి వరి పొలం, రెండోది అంటరానోళ్లని దూరంపెట్టే శుచి. మొదటి మడిలో నాట్లేసింది మా ఆడోళ్లే. రెండో మడికి గడప బయట నిలబడిందీ వాళ్లే.

సన్నకారు రైతులు కూడా సంగటే తిన్నారు, కాదనం. వాళ్లది సొంత చేని రాగి. మాది కూలికింద కొలిచిచ్చిన రాగి, కళ్లం దగ్గర 'మేర'గా విదిలించిన రాగి, పరిగ ఏరుకున్న రాగి. తేడా అక్కడుంది.

ఒకే గింజను కూడా సమాజం పంచిపెట్టింది. వడ్లు దంచితే ఊక, తవుడు, బియ్యం, నూకలు వస్తాయి. నిండు బియ్యం పెద్దింటి అటికెలోకి, తవుడు వాళ్ల గొడ్ల కుడితిలోకి పోయేవి. విరిగిన నూకలు దంచినోళ్లకి దక్కేవి. బియ్యం తెల్లగా పాలిష్ పట్టేకొద్దీ బి-విటమిన్లు తవుడుతోనే పోతాయని ఇప్పుడు తెలుసు. అదే తవుడు నుంచి తీసిన నూనె ఇవాళ అంగళ్లలో ఆరోగ్యం పేరుతో అమ్ముడుపోతోంది.

ఆ నూకలతోనే మా అమ్మలు సంగటికి ప్రాణం పోశారు. గోధుమపిండిలో మాదిరి సాగే జిగురు రాగిపిండిలో ఉండదు. అందుకని ముందు నూకల్ని ఎక్కువ నీళ్లలో మెత్తగా ఉడికిస్తారు. పైన రాగిపిండి కుప్పగా పోసి, మూతపెట్టి, సన్నసెగన మగ్గనిచ్చి, తెడ్డుతో గట్టిగా కెలుకుతారు. ఉడికిన నూక బంకే పిండిని పట్టి ఉంచుతుంది. తడిచేత్తో ముద్ద చేస్తారు. ఊరిబిండో, పుల్లగూరో, ఉలవచారో నంజుకుంటే ఒక ముద్ద పొద్దుగూకేదాకా పనిలో నిలబెడుతుంది. మిగిలింది మర్నాటికి సద్ది. పిండిని రాత్రి నానబెట్టి పులవనిచ్చి, నూకలతో కాచి, మజ్జిగ కలిపితే అంబలి. తిరుపతి గంగ జాతరలో అమ్మకి పోసేది కూడా ఈ అంబలే.

రాగిగింజ చిన్నది, పైపొర విడదీయడం కష్టం. అందుకే పొరతో సహా విసురుతారు, సత్తువంతా పిండిలోనే ఉంటుంది. నూరు గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటే, పాలిష్ బియ్యంలో పది మిల్లీగ్రాముల అటూఇటూగా ఉంటుంది. ఈ లెక్క తెలియకుండానే, లేమి వల్లే, మా వాళ్లు బలమైన తిండి తిన్నారు. అలాగని లేమిని పొగడటం మా ఉద్దేశం కాదు. ముద్దే దొరకని రోజులు ఎన్నో ఉండేవి.

1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చినప్పుడు మా పల్లెల్లో పండగ పూట మాత్రమే చూసిన వరిబువ్వ రోజూ పొయ్యిమీద కెక్కింది. అది కడుపు నిండటమే కాదు, గౌరవం కూడా. 2023 జనవరి నుంచి ఆహార భద్రతా చట్టం కింద ఆ బియ్యం ఉచితం. ఈలోగా మెట్టచేలు శెనక్కాయకీ, మామిడికీ, టమోటాకీ పోయాయి. రాగి తగ్గింది, ధర పెరిగింది.

2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల ఏడాదిగా ప్రకటించింది. అదే ఏడు మార్చిలో మన రాష్ట్రంలో బడిపిల్లలకు రాగిజావ మొదలైంది. మంచిదే. తిరుపతి హోటళ్లలో రాగిసంగటి, నాటుకోడి పులుసు గొప్ప వంటకమైంది. ఒకప్పుడు 'సంగటి మొహాలు' అని వెక్కిరించినోళ్లే ఇప్పుడు వరస కడుతున్నారు. వాళ్లు తింటే మాకేం బాధ లేదు. కానీ ఆ పళ్లెం వెనక నూక చెరిగిన చేతుల పేరు ఎక్కడా లేదు.

'మళ్లీ సంగటి తినండి' అని మాకు బోధించేవాళ్లని మేం అడిగేది ఒక్కటే. రాగి పండించుకునే మెట్ట ఎకరా మా చేతికి ఇస్తారా? పండిన గింజని గిట్టుబాటు ధరకి కొంటారా? అప్పుడు సంగటి మాకు పేదరికంగా కాక, మా ఇష్టంగా ఉంటుంది.